గోడకు కాళ్లు

నాలుగో పీరియడ్ బెల్లు కొట్టేసరికి జెరూషా ఎడమకాలి చెప్పు బిగుసుకుపోయేది. పొద్దున ఇంట్లో వేసుకున్నప్పుడు వేలు దూరేంత వదులుగా ఉన్న పట్టీ, ఆ వేళకి పాదం మీద అచ్చు దిగిపోయేది. చీర అంచు కింద అదెవరికీ కనిపించదు. చీలమండకి కాస్త పైన, లోపలివైపు, చర్మం నల్లబడి పలచబడ్డచోట మాత్రం ఎవరో లోపలినుంచి గోరుతో గీకుతున్నట్టు ఉండేది.

ఆ రోజు బుధవారం. పదో తరగతి బి సెక్షన్‌లో రక్తప్రసరణ పాఠం. ముందు బెంచీలోని పొడుగు కుర్రాణ్ని లేపి, మోచేతికి పైన తన చేతిరుమాలు బిగించి కట్టింది.

"పిడికిలి బిగించు. ఇంకా గట్టిగా."

ముంజేతి మీద నరాలు పచ్చగా పైకి తేలాయి. పిల్లలు బెంచీలు వదిలి చుట్టూ మూగారు.

"వీటిని మనం నరాలు అనేస్తాం. ఇవి సిరలు. కట్టింది పైన, ఉబ్బింది కింద. ఎందుకు?"

"రక్తం పైకి పోనీకి తొవ్వ లేదు మేడమ్" అన్నారు ఇద్దరు ముగ్గురు ఒక్కసారే.

"అంతే. గుండెలోంచి బయల్దేరిన రక్తాన్ని గుండె తోస్తుంది. కాళ్లలోంచి పైకి ఎక్కే రక్తాన్ని ఎవరు తోస్తారు?"

జెరూషా చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని మునివేళ్ల మీద లేచింది, దిగింది. మళ్లీ లేచింది.

"మేడమ్, జిమ్మా?" అన్నాడు వెనక బెంచీ వాడొకడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"జిమ్మే అనుకో. పిక్క తోస్తుంది. అడుగు వేసినప్పుడల్లా కండ సిరను పిండుతుంది, రక్తం పైకి ఎక్కుతుంది. మళ్లీ కిందికి జారకుండా సిర లోపల చిన్న చిన్న తలుపులుంటాయి. కవాటాలు. కదలకుండా నిలబడ్డామనుకోండి, పిక్క పనిచేయదు. పైనున్న రక్తం బరువంతా కింది తలుపు మీదే పడుతుంది. ఏళ్ల తరబడి పడితే తలుపు ఏమవుతుంది?"

"లూజ్ అయితది మేడమ్."

"రాసుకోండి" అని బోర్డు వైపు తిరిగింది. రాయడం అయ్యాక, పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నంతసేపు, మొదటి బెంచీ చివర్న నడుం ఆనించింది. కూర్చోవడం కాదది. ఎడమకాలి బరువు కాసేపు కుడికాలికి అప్పగించడం. బోర్డుకి పైన మూలలో కెమెరా ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.

బెల్లు కాకముందే ఆయా బాలమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మేడమ్, సార్ పిలుస్తుండు. మీరు బెంచీకి ఆనుకున్నరంట. టీవీల కనవడ్డదంట" అని, గొంతు తగ్గించి, "మస్తు గరం మీదున్నడు" అంది.

కరస్పాండెంట్ మధుసూదన్ గదిలో గోడ నిండా పెద్ద తెర. తెరలో గళ్లుగళ్లుగా పదహారు తరగతులు. ప్రతి గడిలో ఒక టీచరు నిలబడి ఉంది. జూన్‌లో బడి తెరిచిననాడే తరగతి గదుల్లోంచి కుర్చీలు మాయమై మెట్ల కింది స్టోరు గదికి చేరాయి. కెమెరాలో కనిపించేదంతా తల్లిదండ్రుల ఫోన్లలోనూ కనిపిస్తుంది. కార్ఖానా రోడ్డులో ఇంకే బడిలోనూ లేని సౌకర్యం అని బయట బ్యానరు కట్టించాడాయన.

"మేడమ్, మీరు సీనియర్. మీరే గిట్ల చేస్తే మిగతావాళ్లకు నేనేం చెప్పాలె?"

"సార్, కాలికి ప్రాబ్లమ్ ఉందని పోయిన నెల చెప్పిన. గంటకోసారన్న కూర్చోమన్నడు డాక్టరు. ఒక కుర్చీ ఇప్పించండి చాలు."

"టీచర్ కూసుంటే క్లాస్ పండుకుంటది. నేను ట్యూషన్లు చెప్పిన రోజుల్ల పొద్దుగాల నుంచి రాత్రిదాక నిలబడి చెప్పిన. ఒక్కనాడు కూసోలే. నాకేమన్న అయిందా?"

"మీరు నడిచిన్రు సార్. బెంచీల మధ్య తిరుగుకుంట చెప్పిన్రు. నా క్లాసుల యాభై మంది. మొదటి బెంచీ బోర్డుకు తగులుతది. నేను నడవనీకి జాగ ఏది?"

మధుసూదన్‌కి ఈ జవాబు నచ్చలేదు. పేపర్‌వెయిట్ తీసి ఇటు పెట్టాడు, మళ్లీ అటు పెట్టాడు.

"శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. అది అయిపోనీయండి. మీతోని అయితలేదంటే చెప్పండి మేడమ్. నిలబడేవాళ్లు బయట చాలామంది ఉన్నరు."

జెరూషా తలాడించి వచ్చేసింది. పై అంతస్తుకి మెట్లెక్కుతుంటే పిక్క పనిచేసి కాలు కాస్త తేలికపడింది. దానికే ఏడుపొచ్చింది.

మెట్టుగూడలో వాళ్లది రెండు గదుల ఇల్లు. భర్త పాల్‌ది రైల్వే ఉద్యోగం. డ్యూటీ కాజీపేటలో కాబట్టి వారానికోసారి వస్తాడు. మిగతా రోజులు జెరూషా, ఆమె అత్తగారు సలోమి. సలోమి బాపట్ల పక్కనుంచి పెళ్లై ఇక్కడికొచ్చి, ఆడపిల్లల హాస్టలు వంటింట్లో పనిచేసి రిటైరైంది. ఇన్నేళ్లైనా మాట మాత్రం బాపట్లలోనే ఉండిపోయింది. ఎండాకాలంలో కూడా మోకాళ్లదాకా మందపాటి నల్ల మేజోళ్లు వేసుకునే తిరిగేది. అడిగితే వాతం అనేది.

ఆ సాయంత్రం జెరూషా చాప పరిచి వెల్లకిలా పడుకుని, నడుము గోడకి దగ్గరగా జరుపుకుని, రెండు కాళ్లూ నిలువుగా గోడకి ఆనించింది. పాదాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలన్నాడు డాక్టరు. కాసేపటికి పాదాల్లోంచి ఏదో సన్నగా కిందికి దిగుతున్నట్టు, పొద్దుటినుంచి బిగుసుకున్న చర్మం వదులవుతున్నట్టు అనిపించింది. కళ్లు మూసుకుంది.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఏవిటే అది?"

కళ్లు తెరిచింది. సలోమి చేతిలో టీ గ్లాసుతో నిలబడి పైకి చూస్తోంది. పాదాలకి జానెడు ఎత్తులో మామగారు జకర్యా ఫోటో. తెల్లచొక్కా, చేతిలో బైబిలు. చర్చిలో ఉపదేశిగా పనిచేసినన్నాళ్లూ ఎవరైనా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే వాక్యం ఆపేసి వాళ్లవైపే చూసేవాడట. ఫోటో పక్కన వాక్యాల క్యాలెండరు.

"డాక్టరు చెప్పిండు అత్తయ్యా. రోజూ పెట్టాలంట."

"పెట్టమన్నాడు సరే, మీ మావయ్య మొహమ్మీద పెట్టమన్నాడా? ఇంకో గోడ లేదా ఇంట్లో?"

జెరూషా పడుకునే చుట్టూ చూసింది. ఒక గోడకి బీరువా. ఒక గోడకి టీవీ. మూడోదానికి తలుపూ కిటికీ.

"ఏ గోడకు పెట్టమంటరు మీరే చెప్పండి."

"వంటింట్లో పెట్టుకో."

"గ్యాస్ బండ ఉంది."

"అయితే దిండు మీద పెట్టుకో. ఎవరైనా వస్తే ఏమనుకుంటారు? ఉపదేశి గారి కోడలు ఉపదేశి గారికే పాదాలు చూపిస్తందని ఫెలోషిప్పులో చెప్పుకోరూ?"

ఫోటో తీసి వేరే చోట పెడదామన్న మాట జెరూషా నోటిదాకా వచ్చి ఆగింది. కాళ్లు దించింది. పుట్టింట్లో డిగ్రీదాకా వచ్చింది తనొక్కతే. చెప్పిన మాట వినడం వల్లే అంతదూరం వచ్చానని ఆమెకి చిన్నప్పటినుంచీ ఒక నమ్మకం. దిండు మీద పాదాలు పెట్టుకుంది. దిండు అణిగిపోయి పాదాలు మళ్లీ నేలకే వచ్చాయి.

శుక్రవారం నాలుగో పీరియడ్‌లో మళ్లీ బి సెక్షన్‌లోనే జెరూషా బోర్డు మీద గుండె బొమ్మ వేస్తోంది. వెనక్కి జరిగినప్పుడు బెంచీ ఇనుపకోణం కాలికి తగిలింది. అంత నొప్పేమీ అనిపించలేదు. బొమ్మ పూర్తిచేసి ఎడమ జఠరిక అని రాస్తుంటే చెప్పులో వెచ్చగా, జారుడుగా తగిలింది. చెమటేమో అనుకుంది. ముందు బెంచీలో అమ్మాయి కెవ్వుమంది.

కిందికి చూసింది. చీర అంచు తడిసి ఉంది. చెప్పు చుట్టూ ఎర్రగా మడుగు. చీర ఎత్తితే, చీలమండ పైనుంచి సన్నటి దారంలా రక్తం చిమ్ముతోంది.

పక్క గదిలోంచి లెక్కల టీచరు కల్పలత పరుగెత్తుకొచ్చింది. "అయ్యో మేడమ్!" అంటూ చున్నీ లాగి, మోకాలి కింద రెండు చుట్లు చుట్టి, పాము కరిస్తే కట్టినట్టు పళ్లు బిగించి ముడేసింది. తెరమీద చూశాడేమో మధుసూదన్ కూడా మెట్లమీద ఉరికొచ్చాడు.

"కుర్చీ! బాలమ్మా, కుర్చీ తే! జల్దీ!"

బాలమ్మ నడుములోంచి తాళాలగుత్తి తీసుకుని ఉరికింది. దుమ్ము పట్టిన కుర్చీ ఒకటి వచ్చింది. కొంగుతో ఒక్క తుడుపు తుడిచి, తలా ఒక చెయ్యి వేసి జెరూషాని కూర్చోబెట్టారు. ఎవరో నీళ్లు తాగించారు. ఎవరో సోడా తెమ్మని కేక వేశారు. రక్తం తగ్గలేదు. ఇందాక దారంలా ఉన్నది ఇప్పుడు ధారగా కారుతోంది. మడుగు బెంచీ కాలిదాకా పాకింది.

జెరూషాకి కళ్లముందు మసకగా ఉంది. కిందికి వేలాడుతున్న తన కాలివైపు చూసుకుంది. కట్టుకి పైన మామూలుగానే ఉంది. కట్టుకి కింద నీలంగా ఉబ్బి ఉంది. బుధవారం నాటి ముంజెయ్యి గుర్తొచ్చింది.

"కల్పలతా, కట్టు విప్పు."

"ఏం మాట్లాడుతున్నరు మేడమ్? విప్పితే ఇంకింత పోతది!"

"పిల్లలూ," అంది జెరూషా. గొంతు సన్నగా వచ్చినా టీచరు గొంతే వచ్చింది. "పైన కడితే ఏమవుతుంది?"

బెంచీల్లోంచి నెమ్మదిగా జవాబు వచ్చింది. "కింద ఉబ్బుతది మేడమ్."

"విప్పు, కల్పలతా."

కల్పలత ముడి విప్పింది. జెరూషా కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుంది. చాక్‌పీసు పొడిలో, రక్తంలో, అలాగే వెల్లకిలా పడుకుంది. బాలమ్మ గబగబా చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపింది. జెరూషా ఎడమకాలు ఎత్తి మడమని కుర్చీ మీద పెట్టింది.

"మేడమ్, ఏందిది? కింద పండుకునుడేంది? లేవండి, కెమెరాల..." అంటున్నాడు మధుసూదన్.

"కెమెరా ఉండనీయండి సార్. కల్పలతా, రుమాలు మడిచి ఆ చోట బొటనవేలితో నొక్కు. నొక్కి, తీయకు."

కల్పలత ముఖం తిప్పుకుని నొక్కుతోంది. రుమాలు ఎర్రబడింది, ఇక అంతకన్నా ఎర్రబడలేదు. కొంతసేపయ్యాక పాదం నీలంపోయి తెల్లబడింది.

"ఆగింది మేడమ్" అంది కల్పలత నమ్మలేనట్టు. "నిజంగానే ఆగింది."

జూన్‌లో పోయాక ఐదు నెలలకి టీచరు కోసం ఆ గదిలోకి కుర్చీ వచ్చింది. దాని మీద జెరూషా కాలు ఉంది. మధుసూదన్ మూలనున్న ఎర్రచుక్క వైపు ఒకసారి చూసి, జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అప్పటికే ఆయన ఫోను మోగుతోంది.

క్లినిక్కుకి తన కారులోనే తీసుకెళ్లాడు. వెనక సీటంతా జెరూషా కాలు చాపుకుంది. సంగీత్ చౌరస్తా దగ్గర సిగ్నలు పడినప్పుడు అద్దంలో చూస్తూ అన్నాడు:

"మేడమ్, అయిందేదో అయింది. మీకు కుర్చీ ఇస్తా. మెడికల్ కేసు కింద, మీ ఒక్కరికే. బయట చెప్పకండి."

"కల్పలతకు?"

"ఆమెకేం రోగం లేదు కదా."

"నాకు సుత లేకుండె సార్, మొదలు."

సిగ్నలు వదిలింది. మధుసూదన్ కారు ముందుకి పోనిచ్చాడు. క్లినిక్కు ముందు తలుపు తీసి పట్టుకుని, "రేపు మీటింగుకు రాకండి. రెస్ట్ తీస్కోండి. సోమవారం చూద్దాం" అన్నాడు. అందులో దయ ఎంతో, ఆమె రేపు కనబడకపోతే బాగుండునన్న ఆశ ఎంతో జెరూషా తేల్చుకోలేకపోయింది.

ఇంట్లో సలోమి కట్టువైపు చూసింది, చీరవైపు చూసింది. చీర తీసుకెళ్లి చన్నీళ్ల బకెట్లో ముంచి, అక్కడే పీట మీద కూర్చుని చాలాసేపు చేత్తో ఉతికింది.

"రేపు వెళ్లకు" అంది బకెట్లోకి చూస్తూనే.

"వెళ్తా అత్తయ్యా."

"అంత రక్తం పోయాక కూడా?"

"అంత రక్తం పోయింది కాబట్టే."

శనివారం బడిలో ప్రతి గదికీ రెండేసి కుర్చీలు వచ్చాయి. తల్లిదండ్రుల కోసం. పేరెంట్స్ మీటింగ్ రోజున అది మామూలే. వచ్చినవాళ్లు కూర్చుంటారు, టీచరు పక్కన నిలబడి మార్కులు చెబుతుంది, మధ్యాహ్నానికి కుర్చీలు మళ్లీ మెట్ల కిందికి పోతాయి.

జెరూషా ఆటో దిగి, రెయిలింగు పట్టుకుని పైకెక్కింది. గదిలో బోర్డు మీద నిన్నటి గుండె సగం రాసిన పేరుతో అలాగే ఉంది. రెండు కుర్చీలని ఎదురెదురుగా జరిపింది. ఒకదాంట్లో కూర్చుంది. రెండోదాని మీద, తెచ్చుకున్న తువ్వాలు పరిచి, కట్టు కట్టిన కాలు చాపింది. జవాబు పత్రాల కట్ట ఒళ్లో పెట్టుకుంది.

ఎవరో పెద్దవాళ్ల ముందు ఒళ్లు తెలియకుండా ప్రవర్తిస్తున్నట్టు చెవులు వేడెక్కాయి. కాలు దించాలని రెండుసార్లు అనిపించింది. దించలేదు.

మొదట వచ్చిన ఆవిడ చీరల షాపు యూనిఫాం చీరలోనే వచ్చింది. గంటసేపు పర్మిషన్ తీసుకుని వచ్చినట్టుంది. గుమ్మంలో ఆగింది. కుర్చీలవైపు చూసింది.

"రండమ్మా. కుర్చీలు రెండే ఉన్నయి. మీ బాబు కూర్చునే బెంచీల కూర్చుంటరా?"

ఆవిడ బెంచీలో ఇరుక్కుని కూర్చుంది. కొడుకు మార్కులు అడగలేదు.

"నిన్న షాపుల ఫోన్ల చూసిన మేడమ్. మా వాళ్లందరం చూసినం. పాణం ఆగమాగమైంది. మాకు సుత కూసునే ఆర్డర్ లేదు. నాకు సుత గిట్లనే..." అంటూ చీర కాస్త జరిపి పిక్క చూపించింది. "కాళ్లు మీదికి పెడ్తే తగ్గుతదా మేడమ్?"

"గోడకు పెట్టండి. పండుకుని, పాదాలు గుండెకన్నా పైకి. షాపుల నిలబడ్డప్పుడు మడమలు లేపి దించుతుండండి. ముందుగాల మాత్రం డాక్టరుకు చూపించండి."

ఆమె వెనక ఇంకో ముగ్గురు వచ్చారు. బెంచీల్లో సర్దుకున్నారు. ఎవరూ కుర్చీ అడగలేదు. కల్పలత ఏదో పనున్నట్టు గుమ్మం దాకా వచ్చి, జెరూషాని, చాపిన కాలిని చూసి, వెనక్కి వెళ్లింది. కాసేపటికి పక్క గదిలో కుర్చీ బండల మీద కర్రుమని ఈడ్చిన చప్పుడైంది. ఆ తర్వాత వరండా చివరి గదిలో ఒకటి. కింది అంతస్తులో ఇంకొకటి.

మధుసూదన్ వచ్చేసరికి బెంచీలు దాదాపు నిండి ఉన్నాయి. నవ్వు ముఖంతో అందరికీ నమస్కారం పెట్టి, జెరూషా పక్కకి వచ్చి వంగాడు.

"మేడమ్, లేవండి. పేరెంట్స్ బెంచీల కూసున్నరు, మీరు కుర్చీల. ఏం బాగుంటది?"

జెరూషా గొంతు తగ్గించలేదు.

"కాళ్లకు రక్తం దిగకుండ చూసుకుంటున్న సార్. లేస్తే నిన్నటిలెక్కనే అయితది. మీకు చూడబుద్ధి కాకుంటే నేను ఇంటికి పోతా. వీళ్లకు మీరు చెప్పండి, ఎందుకు పోయిన్నో."

మధుసూదన్ బెంచీల వైపు చూశాడు. షాపు చీర ఆవిడ ఆయన వైపే చూస్తోంది.

"కూసోనీయండి సార్" అందామె. "పిల్లలకు జెప్పేది నోటితోని గదా. కాళ్లతోనా?"

ఎవరో నవ్వారు. మధుసూదన్ కూడా నవ్వబోయి, కుదరక, సెల్‌ఫోను చూసుకుంటూ బయటికి నడిచాడు.

మధ్యాహ్నం అందరూ వెళ్లాక వరండాలో ఆయన గొంతు వినబడింది. "బాలమ్మా, కుర్చీలన్ని లోపట పెట్టి తాళమెయ్."

"తాళం చెయ్యి కనవడ్తలేదు సార్. నిన్న కుర్చీకోసం ఉరికినప్పుడు యాడ్నో పడ్డట్టుంది."

"పొద్దున ఎట్ల తీసినవ్ మరి?"

"పొద్దున తీసిననా? నిన్న ఎయ్యనే లేదు సార్, ఆ పరేషాన్ల."

గుమ్మంలో నిలబడ్డ బాలమ్మ నడుము దగ్గర, కొంగు కింద, తాళాలగుత్తి ఉబ్బుగా కనిపిస్తూనే ఉంది. జెరూషా తల తిప్పుకుని తువ్వాలు మడిచింది. మధుసూదన్ గది ముందు ఆగాడు. ఆమె కాలు కిందికి దించి చెప్పు వేసుకుంటోంది. పట్టీ వదులుగా ఉంది.

"సోమవారం మాట్లాడదాం మేడమ్."

"సరే సార్. కూర్చుని మాట్లాడదాం."

ఇంటికొచ్చి జెరూషా ఎవరినీ అడగలేదు. చాప పరిచింది, గోడకి దగ్గరగా జరిగింది, రెండు కాళ్లూ పైకి పెట్టేసింది. పైన జకర్యా గారు. వంటింట్లో కుక్కర్ పెట్టిన చప్పుడు. తర్వాత సలోమి అడుగులు వచ్చి చాప దగ్గర ఆగాయి. జెరూషా మాటకి సిద్ధపడి కళ్లు మూసుకుంది.

మాటకి బదులు గుడ్డ జారిన చప్పుడేదో వచ్చింది. కళ్లు తెరిచి చూస్తే సలోమి మంచం అంచున కూర్చుని నల్ల మేజోళ్లు ఒకటొకటిగా కిందికి ఒలుస్తోంది. మోకాళ్లనుంచి చీలమండలదాకా మెలికలు తిరిగిన నీలి తాళ్లు. ఎడమకాలి మీద ఎప్పుడో మానిన పెద్ద పుండు మచ్చ.

"అత్తయ్యా! వాతమన్నరు కదా?"

"హాస్టల్లో రెండొందల మందికి అన్నం వార్చేదాన్ని. కూర్చుని వార్చే గంజి కాదుగా అది" అంది సలోమి. మేజోళ్లు మంచం మీద పడేసింది. "జరుగు అటు."

జెరూషా జరిగింది. సలోమి మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ చాప మీదికి దిగింది. "నడుము గోడకు ఆనించండి. ఇంకొంచెం" అని జెరూషా ఆమె మడమలు పట్టుకుని పైకెత్తి గోడకి చేర్చింది.

"చల్లగా ఉందే గోడ!"

"మావయ్య గారు చూస్తున్నరు అత్తయ్యా."

"చూడనీ. నేను పొయ్యి ముందు నిలబడ్డం ముప్పయ్యేళ్లు చూశాడు. పడుకున్నది కూడా చూడనీ." పాదాలు గోడ మీద సర్దుకుని, "ఎంతసేపుంచాలి?" అంది.

"కాళ్లు తేలికయ్యేదాకా."

వంటింట్లో కుక్కర్ కూసింది. మళ్లీ కూసింది. ఇద్దరూ లేవలేదు.